తొమ్మిది డిగ్రీల అనుమానం

పది అని ఉంటే షైలజ పట్టించుకునేది కాదు. సున్నా అని ఉన్నా పట్టించుకునేది కాదు. మనుషులు ఏమీ తోచక వేసే అంకెలు ఎప్పుడూ గుండుగానే ఉంటాయి కదా. కానీ ఆ ఫారంలో, పరీక్ష చేయాల్సిన ఉష్ణోగ్రత అన్న గడిలో, నీలం ఇంకుతో, గట్టిగా నొక్కి మరీ, తొమ్మిది అని రాసి ఉంది. తొమ్మిది! తొమ్మిదిని ఎవరైనా ఊరికే వేస్తారా?

మదనపల్లెలో, టమోటా లారీలు ఒకదాని వెనక ఒకటి నిలబడే రోడ్డు మీద, ఒక పాత గోడౌన్లో ఉంది ఆదినారాయణ టెస్టింగ్ ల్యాబు. షైలజ ఆ ఊరి పిల్లే, మిషన్ కాంపౌండులో పెరిగి, బెంగుళూరులో లోహాల చదువు చదివి, నాలుగు నెలల కింద ఇక్కడ చేరింది. పోయిన వారమే ఉత్తరం వచ్చింది, ఇకమీదట రిపోర్టుల మీద ఆమె సంతకం చెల్లుతుందని. ఆ సంతకాన్ని ఆమె నోటుపుస్తకంలో రెండు పేజీలు ప్రాక్టీసు కూడా చేసింది (ఎవరికీ చెప్పలేదు). మొదటి రిపోర్టు ఇదే. అందులోనే ఈ తొమ్మిది.

పని ఏమిటంటే, ఎక్కడో సముద్రం నడుమ నిలబెట్టే ఇనుప కట్టడం, దాని మీద పెద్ద క్రేను, ఆ క్రేను కింద పీఠం. పీఠాన్ని కుప్పం దగ్గర ఒక షెడ్డులో వెల్డింగు చేస్తున్నారు. ఆ వెల్డింగు నమ్మదగిందా కాదా తేల్చడానికి అదే ప్లేటును అదే పద్ధతిలో అతికించి, అందులోంచి కడ్డీల్లాంటి ముక్కలు కోసి ల్యాబుకు పంపుతారు. ల్యాబులో ఒక్కో ముక్కకు గాటు పెట్టి, గాటు కొసన కావాలనే వెంట్రుకంత పగులు పుట్టించి, మిషన్లో పెట్టి వంచుతారు. మంచి అతుకైతే పగులు నోరు మెల్లగా తెరుచుకుంటూ సాగుతుంది. చెడ్డదైతే చెప్పాపెట్టకుండా విరుగుతుంది. ఎంత తెరుచుకున్నాక విరిగిందన్నదే లెక్క. పావు మిల్లీమీటరు దాటితే పాస్.

చిక్కల్లా ఉక్కుతోనే. ఎండలో పెట్టిన బెల్లం అచ్చు వంగుతుంది, అదే అచ్చు చలికాలం పొద్దున పటుక్కున విరుగుతుంది. ఉక్కూ అంతే. ఒకే ముక్క, ఒకే మిషను, వెచ్చగా ఉంటే సాగుతుంది, చల్లబరిస్తే గాజు. కాబట్టి ఎంత చల్లగా పెట్టి వంచాలి అన్న అంకె ఎవరి చేతిలో ఉంటే పాసూ ఫెయిలూ సగం వాళ్ళ చేతిలో ఉన్నట్టే!

"సార్, ఈ తొమ్మిది యాడ్నించి వచ్చింది?" అని అడిగింది షైలజ.

"ఫారంలోనించి," అన్నాడు ఆదినారాయణ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఫారంలోకి యాడ్నించి వచ్చింది?"

"భానుప్రకాశ్ రాసినాడు. కాంట్రాక్టరు మనిషి. పీఠం కట్టించేది వాళ్ళు, అంకె సెప్పేది వాళ్ళు. వాళ్ళు సెప్పిన అంకెలో వంచేది మన పని. వంచమ్మా, సంతకం పెట్టు. శనివారానికి పోవల్ల రిపోర్టు."

ఆయన అంత తేలిగ్గా అనేసరికి ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ముక్కల్ని చల్లబరచడానికి ల్యాబులో ఒక స్పిరిట్ తొట్టి ఉంది, దానికి ఫ్రిజ్ మోటరు. ఆ మోటరు ఐదు డిగ్రీల దాకా దిగుతుంది, అంతకు మించి దిగమంటే మూలుగుతుంది. ఇంకా కిందికి పోవాలంటే ద్రవ నైట్రోజన్ కావాలి, పుంగనూరు నుంచి క్యానులో తెప్పించాలి. అంటే తొమ్మిది సరిగ్గా మోటరుకు అందే అంకె! పగలు ట్యూబులైటు వెలిగినా లేచి ఆర్పే మనిషి ఈయన. ఈయనే గానీ భానుప్రకాశ్ చెవిలో ఊదలేదు కదా?

ఆ అనుమానాన్ని మడిచి లోపల పెట్టుకుని ఆమె భానుప్రకాశ్‌కు ఫోన్ చేసింది.

"చెప్పండి మేడమ్!" గొంతు హుషారుగా ఉంది.

"ఆ పీఠాన్ని యాడ నిలబెడతారండీ?"

"సముద్రంలో మేడమ్."

"ఏ సముద్రంలో?"

అవతల ఒక లారీ హారన్ మోగి పోయింది. 

"సముద్రమంటే సముద్రమే కదా మేడమ్," అన్నాడు చివరికి. "యాల అంత లోతుకు పోతాండారు? మాకు ఆర్డరిచ్చినోళ్ళు పెద్దోళ్ళు. వాళ్ళకు మెయిలూ గియిలూ ఏం పెట్టద్దండి. ఏదన్నా ఉంటే నన్నడగండి, నేను కనుక్కొని సెప్తా."

"అదే అడుగుతాండా కదా!"

"కనుక్కొని సెప్తా అంటాండా కదా!"

సాయంత్రానికి కుప్పం నుంచి వచ్చే వ్యాను డ్రైవరు చేతిలో ఒక మైసూర్‌పాక్ పెట్టె దిగింది. మీద షైలజ మేడమ్ గారికి అని రాసి ఉంది. నాలుగు నెలల్లో ఆమెకు ఎవరూ పల్లీ కూడా పెట్టలేదు! ఆదినారాయణ మూడు తిన్నాడు, నాలుగోది కాగితంలో చుట్టుకున్నాడు. ఆమె ముట్టుకోలేదు. పెట్టె మీద రాత చూసింది, ఫారం మీద తొమ్మిదిని చూసింది. అదే నీలం ఇంకు, అదే నొక్కుడు.

మర్నాడు పొద్దున, ముక్కల్ని షెడ్డులో ఎట్లా కోశారో చూసి వస్తానని చెప్పి బస్సెక్కింది. అది అబద్ధం కాదు, కానీ అదొక్కటే నిజమూ కాదు.

ముందు పుంగనూరులో దిగింది. నైట్రోజన్ క్యాను మునికుమార్ దగ్గర ఉంటుంది. ఆయన పని ఆవులతో. ఎద్దు విత్తనాన్ని సన్నని గొట్టాల్లో నింపి, నైట్రోజన్ చలిలో దాచి, ఊరూరా తిరిగి ఆవులకు సూది వేసే మనిషి. పట్టణం నుంచి బండి వచ్చి క్యాన్లు నింపినప్పుడు ల్యాబు క్యాను కూడా ఆయనే పట్టించి పెడతాడు. ఉక్కుకు చలి పెట్టేది మా ఎద్దులే అని అందరికీ చెప్పుకుంటాడు.

"ఏం మా, నువ్వే వచ్చినావే!" అన్నాడు బైకు మీద పెట్టె కట్టుకుంటూ. "మీ సారు ఈ నెల నైట్రోజన్ వద్దన్నాడే."

"ఎప్పుడన్నాడు?"

"సోమారం."

ఫారం వచ్చింది మంగళవారం. షైలజ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అంకె రాకముందే నైట్రోజన్ వద్దన్నాడంటే అంకె ఏదో ముందే తెలుసన్నమాట! 

"మా క్యాను ఖాళీనా అయితే?"

"సూస్తే పోలా!" మునికుమార్ మూత తీసి ఒక సన్నని కట్టెపుల్లను లోపలికి దింపాడు. పది లెక్కపెట్టి పైకి తీసి గాల్లో ఊపాడు. పుల్ల మీద అడుగు నుంచి తెల్లటి మంచు పట్టింది, జానెడు. "ఇదో, ఈ తెలుపు ఎంతుందో లోపల సరుకు అంతుండాది. రొండు దినాల పనికి సరిపోతాది. సారు వద్దన్నా నేను పట్టించినా. రేట్లు పెరగతాండాయి, మళ్ళా ఆ మనిషే యాడ అని అరుస్తాడు."

"ఎవరడిగినా ఇవ్వద్దు, అన్నా. రేపు నేనే తీస్కపోతా."

"ఎవరడగతారు మా దీన్ని? ఆవులు తప్ప!"

నవ్వింది గానీ పుల్లను తనే మళ్ళీ ఒకసారి దింపి చూసుకుంది. జానెడే.

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఊరి బయట రేకుల షెడ్డు. నీలి మెరుపులు, కాలిన వాసన. ఆ పీఠానికి వెల్డింగు చేసేది యేసుదాసు. యాభై దాటిన మనిషి, మిషన్ ఆసుపత్రి వర్కుషాపులో ఇనుప మంచాలకు కాళ్ళు అతికిస్తూ పని నేర్చినవాడు. షైలజ గేటు దాటి ల్యాబు నుంచి వచ్చానని చెప్పీ చెప్పగానే ఆయన ఏం చేశాడంటే, చేతిలో రాడ్డు పక్కన పడేసి, గబగబా మూలకు నడిచి, నేల మీద ఉన్నదేదో గోనెసంచితో కప్పేశాడు!

అంతే, షైలజ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. సారు, భానుప్రకాశ్, ఇప్పుడు ఈయన కూడానా?

"ఏముండాది అన్నా ఆ గోనె కింద?"

"ఏం లేదు. తుక్కు."

"తుక్కును యాల కప్పినావు?"

"దుమ్ము పడతాది."

"తుక్కు మీద దుమ్ము పడితే ఏం?"

యేసుదాసు అద్దం టోపీ నెత్తి మీదికి నెట్టి ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు యాల వచ్చినావో ముందు సెప్పు మా. ల్యాబోళ్ళు ల్యాబులో ఉండల్ల. షెడ్డుకు వచ్చేది రొండిటికే. ముక్క మార్చేదానికి, లేకుంటే ముక్క మారిందని సెప్పేదానికి."

"నేనా? ముక్క మార్చేదా?" ఆమె గొంతు లేచింది. "నా మొదటి సంతకమన్నా అది! ఈ పీఠం కింద మనుషులు తిరగతారు. చలిలో ఇది టప్పుమనిందంటే కాయితం మీద ఉండేది నా పేరు. తొమ్మిది డిగ్రీల్లో వంచమంటాండారు, ఆ తొమ్మిది యాడ్నించి వచ్చిందో ఒక్కరూ సెప్పరు!"

యేసుదాసు ముఖంలో ఏదో కదిలింది. "తొమ్మిదా?" అన్నాడు. "ఇట్ల రా."

పక్కన పేర్చిన పెద్ద ప్లేట్ల దగ్గరికి తీసుకుపోయి ఒక అంచు మీద మసి తుడిచాడు. ఉక్కు చేసిన మిల్లువాళ్ళు పొడిచిన అక్షరాలు. చివర్లో మైనస్ నలభై.

"మిల్లోడు దీన్ని సున్నాకు కింద నలభైలో సుత్తితో కొట్టి సూసి పంపినాడు. నేను ముప్పై ఏండ్లుగా ప్లేట్లు అతకతాండా, ఈ షెడ్డుకు ఇంత చలి ప్లేటు ఎప్పుడూ రాలా. ఉక్కపోసే సముద్రానికి ఇంత ఖరీదు ప్లేటు యాల కొంటారు మా? నాకూ అనుమానమే. అడిగితే భానుప్రకాశ్ సారు, నీ పని అతికేది, అతుకు అంటాడు."

షైలజ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. రెండు రోజులుగా తనొక్కతే మోస్తున్న అనుమానంలో సగం ఇంకొకరి నెత్తిన కూడా ఉందని తెలిస్తే ఎంత హాయిగా ఉంటుందో! ఆ హాయిలోనే ఇంకో అనుమానం: ఈయన నన్ను బుట్టలో వేసుకోవడం లేదు కదా?

"గోనె తియ్యన్నా," అంది.

తీశాడు. కింద ఉన్నది టెస్టు ప్లేటులో సగం. అదే అతుకు, అదే నంబరు, పక్కన ఆయన గుర్తు పొడిచి ఉంది.

"పన్నెండేండ్ల కింద ఒక ల్యాబు ఎవురిదో ఇరిగిపోయిన ముక్క తెచ్చి నాదే అనింది. నా దగ్గర సాక్ష్యం లేకపాయ. రొండేండ్లు నాకు పని లేదు. అప్పట్నించి ఏ టెస్టు ప్లేటు పోయినా సగం నా దగ్గర్నే పెట్టుకుంటా. మీ ల్యాబును నమ్మి కాదు."

"నన్ను నమ్మద్దు. డ్రాయింగు ఉండాదా?"

ల్యాబుకు వచ్చిన డ్రాయింగు జిరాక్సులో కింది మూల కత్తిరించి ఉంది, దాని మీదా ఆమెకు అనుమానమే. యేసుదాసు బీరువాలోంచి తీసిన అసలు కాగితంలో ఆ మూల ఉంది, అందులో పీఠం గీసిన ఇంజినీర్ల ఆఫీసు, మెయిల్ అడ్రసు. ఆమె అక్కడే, ప్లేట్ల మీద కూర్చుని, ఫోన్లో టకటకా కొట్టేసింది: ఈ పీఠం ఏ సముద్రంలో నిలబడుతుంది, అక్కడ గాలి ఎంత చల్లబడుతుంది, అతుకును ఏ ఉష్ణోగ్రతలో వంచమంటారు? మూడే మూడు ప్రశ్నలు. పంపేసింది. శనివారం తర్వాత తనకు ఉద్యోగం ఉంటుందో లేదో!

జవాబు మర్నాడు పొద్దున్నే వచ్చింది. పీఠం నిలబడేది యూరప్ పైన ఉత్తరాన ఉన్న సముద్రంలో. నీటిలో మునిగే భాగాలకైతే వేరే అంకె, ఇది గాలిలో ఉండే భాగం కాబట్టి మైనస్ పది. ఎవరూ అడగకపోవడం మాకు ఆశ్చర్యంగా ఉంది అని చివర్లో ఒక వాక్యం.

ఆ మెయిల్ ప్రింటు తీసి టేబులు మీద పెట్టేసరికి ఆమె ఫోన్ చేసి పిలిచిన భానుప్రకాశ్ వచ్చి కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, జేబులో అదే నీలం పెన్ను. కాగితం చదివాడు, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడన్నా సెప్పండి," అంది షైలజ. "ఎవరు వెయ్యమన్నారు తొమ్మిది?"

"ఎవురూ లేదు మేడమ్."

"మరి?"

అతను ఆదినారాయణ వైపు చూశాడు, ఫ్యాను వైపు చూశాడు. "ఆ గడి కింద సన్నక్షరాల్లో, ఈ ఉక్కు చూడబోయే అతి తక్కువ ఉష్ణోగ్రత వెయ్యండి అని ఉండింది. నాకేం తెల్సు మేడమ్? సముద్రమంటే నేను సూసింది మద్రాసు బీచి. ఆడ జనవరిలో కూడా సెమటే. అట్లాంటి సముద్రానికి చలి యాడ్నించి వస్తాది? కానీ తక్కువ వెయ్యల్ల కదా, సేఫ్టీ కదా. మనకు తెల్సిన చలి ఏది? హార్సిలీ కొండలు! పోయిన జనవరి మా మామ పిల్లోళ్ళతో కొండ మీదికి పోయింటిమి, పొద్దున ఫోన్లో సూస్తే తొమ్మిది. పండ్లు కొట్టుకున్యాయి. ఇంతకు మించి సల్లన సముద్రంలో యాడుంటాది అని దాన్నే ఏసినా."

 ఉత్తర సముద్రంలో క్రేను పీఠానికి హార్సిలీ కొండల చలి!

"మరి మెయిలు పెట్టద్దని యాల అన్నారు?"

"ఏ సముద్రమో కూడా తెలీకుండా పని పట్టుకున్యాడని నవ్వుతారని."

"డ్రాయింగు మూల కత్తిరించింది?"

"జిరాక్సు పేపరు సరిపోలా మేడమ్."

"మైసూర్‌పాకు?"

"మా అక్కకు కొడుకు పుట్టినాడు!"

షైలజ ఆదినారాయణ వైపు తిరిగింది. ఆయన ముందే చేతులెత్తేశాడు. "నన్ను సూడద్దు తల్లీ. నైట్రోజన్ వద్దనింది నిజమే. ఈ నెలంతా టమోటా గోడౌన్ల కమ్మీ టెస్టులే కదా, దానికి చలి యాలని."

అంటే కుట్ర లేదు. ఆమెకు కొంచెం సిగ్గేసింది, దానికన్నా ఎక్కువ భయమేసింది. కుట్ర అయితే ఎక్కడో ఒకడు దొరుకుతాడు. ఇక్కడ అందరూ మంచివాళ్ళే, అందరూ కలిసి ఆమె సంతకం దాకా ఆ తొమ్మిదిని మోసుకొచ్చారు.

పుంగనూరు నుంచి క్యాను వచ్చింది, కుప్పం నుంచి గోనెసంచి భుజాన వేసుకుని యేసుదాసు వచ్చాడు. స్పిరిట్ తొట్టిలో నైట్రోజన్ పోస్తుంటే తెల్లటి పొగ అంచులు దాటి నేల మీద పాకింది. మీటరు అంకెలు దిగాయి. సున్నా, మైనస్ నాలుగు, మైనస్ పది.

"ఆ మీటరు నిజం సెప్తాండాదని ఎట్ల నమ్మల్ల?" అన్నాడు యేసుదాసు.

"నేనూ అదే అనబోతాండా," అంది షైలజ.

ఎదురుగా ఉన్న జ్యూసు అంగడి నుంచి ఐసు తెప్పించి, గుడ్డలో కొట్టి, నీళ్ళు కలిపి మీటరు తీగను అందులో ముంచారు. కరిగే ఐసు సున్నా చూపించాలి. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. సున్నా. తీగను తీసి, తుడిచి, ముక్క మీద పగులు కొసన అతికించారు. చలి ముక్క లోపలి దాకా ఎక్కడానికి అరగంట. ఆ అరగంట ఎవరూ కూర్చోలేదు.

మొదటి ముక్క వంగింది. పగులు నోరు అర మిల్లీమీటరు దాకా తెరుచుకుంది. పాస్. రెండోది ఇంచుమించు అంతే. ఆదినారాయణ ఊపిరి వదిలి, టీ చెప్పమంటారా అన్నాడు.

మూడోది వంగుతూ వంగుతూ ఉండగా ఠప్పుమంది! గోడ మీది క్యాలెండరు అదిరిందో, షైలజకు అట్లా అనిపించిందో. స్క్రీను మీద గీత నిట్టనిలువుగా పడిపోయింది. మిల్లీమీటరులో పదో వంతు. ఫెయిల్.

యేసుదాసు విరిగిన రెండు సగాల్ని గుడ్డతో పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు. విరిగిన ముఖం చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. చాలాసేపు చూశాడు. ముక్క ఆయనది కాదని అంటాడేమోనని షైలజ నంబరు చూపించబోయింది. ఆయన తలూపాడు.

"నాదే మా. ఈ చోట వరస ఏసేటప్పుడు కరెంటు పోయింది. గంటకు వచ్చింది. మళ్ళా ప్లేటును కాచి మొదలుపెట్టల్ల. కాయకుండా ఏస్తే అతుకు పెళుసవతాది. కాయలా. ఇంత మందం ప్లేటు గంటకే ఏం సల్లారతాదిలే అనుకున్యా." గొంతు తగ్గింది. "ఎవురికీ తెలీదనుకున్యా."

"తొమ్మిదిలో చేసింటే?" అని అడిగాడు భానుప్రకాశ్, ఎవరినీ చూడకుండా.

అది అందరి నోటి మీదా ఉన్న ప్రశ్నే. యేసుదాసు గోనెలో తెచ్చిన సగం ప్లేటు నుంచి, అదే వరసలో, మూడో ముక్కకు ఆనుకుని ఉన్న చోటు నుంచి ఇంకో ముక్క కోసి సిద్ధం చేసేసరికి శుక్రవారం సాయంత్రమైంది. తొమ్మిది డిగ్రీల్లో పెట్టి వంచారు. ఎంత బాగా వంగిందని! మిల్లీమీటరులో పదింట ఆరు వంతులు దాటి నోరు తెరుచుకుని కూడా విరగలేదు. పాస్, సంబరంగా పాస్. భానుప్రకాశ్ నెమ్మదిగా కుర్చీలో కూర్చుండిపోయాడు.

షైలజ రిపోర్టు తీసింది. ఉష్ణోగ్రత గడిలో మైనస్ పది అని కొట్టింది. మూడు ముక్కల అంకెలూ వేసింది, మూడోదాని ఎదురుగా ఫెయిల్ అని రాసింది. కరెంటు పోయిన సంగతి యేసుదాసు చెప్పినట్టే రాసింది. తర్వాత సంతకం పెట్టింది. నోటుపుస్తకంలో వచ్చినంత అందంగా రాలేదు.

"షెడ్డుకు పోయి మళ్ళా అతకతా," అన్నాడు యేసుదాసు. "జనరేటరు పెట్టిచ్చల్ల, భానుప్రకాశ్ సారుకు సెప్పు. కొత్త ప్లేటు నేనే తెస్తా."

"నువ్వు తెచ్చినా నంబరు నేను సూసుకుంటా అన్నా."

"సూసుకో. ఐసు నేను తెప్పిస్తా." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "ఆ ఇరిగింది ఒక సగం నాకియ్యి మా."

"ఇయ్యకూడదు. ల్యాబులో ఉండల్ల."

"రొండు సగాలూనా? రేపు నువ్వు మారిస్తే?"

షైలజ ఆలోచించింది. తర్వాత విరిగిన ముక్కలో రెండు సగాల మీదా ఒకే నంబరు, ఒకే తేదీ పొడిచి, ఒకటి అల్మారాలో పెట్టి తాళం వేసుకుంది. రెండోది ఆయన చేతిలో పెట్టింది. ఆయన నంబరు చదువుకుని, అల్మారా వైపు చూసి, తాళం ఒకసారి లాగి చూసి, తన సగాన్ని గోనెసంచిలో చుట్టుకుని కుప్పం బస్సుకు బయలుదేరాడు.